గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టాలా, మొహం తిప్పగానే ఆపాలా?

హనుమకొండ_అమ్మ:
మా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. పొద్దున అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పిండితో జావ, మధ్యాహ్నం పెసరపప్పు అన్నంలో నెయ్యి వేసి పెడుతున్నా. నాలుగైదు చెంచాలు తిని పెదాలు బిగించేస్తుంది. "గిన్నెడు తినకపోతే ఒంటికేం పడుతుంది" అని మా అత్తయ్య ఫోన్లో పాటలు పెట్టి మిగతాది తినిపించేస్తారు. మా వారేమో వద్దంటే వదిలేయమంటారు. అసలు పూటకు ఎంత పెట్టాలి?

చందు_నాన్న:
మీ వారిదే కరెక్ట్. పెదాలు బిగించడం, తల తిప్పడం, చెంచా తోసేయడం, ఇవన్నీ "చాలు" అనడమే కదా. ఫోన్లో మునిగిపోయిన పిల్లకు కడుపు నిండిందో లేదో ఏం తెలుస్తుంది? పెళ్లి భోజనంలో మనం చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేస్తే ఎలా ఉంటుంది?

ముగ్గురి_అమ్మమ్మ:
ఫోన్ వద్దు, ఒప్పుకుంటా. కానీ ఒకసారి మొహం తిప్పగానే గిన్నె ఎత్తేయడం ఏంటి నాయనా? పిల్లి కనబడ్డా తిప్పుతారు, కాకి అరిచినా తిప్పుతారు. కాసేపు ఆగి, మాట్లాడుతూ మళ్లీ అందించాలి. ఏమార్చి తినిపించడం వేరు, నోట్లో కుక్కడం వేరు.

రాగిజావ:
కొలత ఉందండీ. తల్లిపాలు తాగే పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 250 మి.లీ. కప్పుతో. ఆరు నుంచి ఎనిమిది నెలల్లో రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా అరకప్పు దాకా, రోజుకు 2-3 సార్లు. 9-11 నెలల్లో అరకప్పు, 3-4 సార్లు. ఏడాది దాటాక ముప్పావు కప్పు నుంచి కప్పు. ఇది పిల్ల ముందు పెట్టాల్సిన కొలత. కడుపులోకి పోయి తీరాల్సిన కోటా కాదు.

అసలు సంగతి చిక్కదనం. చెంచా వంచగానే జారిపోయే జావ అరకప్పు తాగితే పొట్ట నిండుతుంది, బలం ఉండదు. వంచినా చెంచాలో నిలబడాలి. మీ పాప తినేది ఎలా ఉంటుంది? ఏ చెంచాతో కొలుస్తున్నారు?

హనుమకొండ_అమ్మ:
పిల్లల చెంచానే. గొంతుకు అడ్డం పడుతుందేమోనని బాలామృతం బాగా పలచగా కాస్తున్నా. అన్నం కూడా మిక్సీ పడుతున్నా. ముందు కాసేపు పాలిచ్చి తర్వాత తినిపిస్తా.

రాగిజావ:
పాలతో సగం కడుపు నిండాక అన్నం ఎవరికి కావాలి? పాలు మానొద్దు, తిన్నాక ఇవ్వండి. మిక్సీ పక్కన పెట్టి చేత్తో మెదపండి. ఈ వయసుకు చిన్న చిన్న పలుకులు నమలగలరు. ఉడికిన గుడ్డు కూడా కలపండి, ఆరు నెలలు దాటాక పాలతో వచ్చే ఐరన్ చాలదు.

నెలలు_నిండని_బాబు_అమ్మ:
"వద్దంటే వదిలేయండి" అని అందరికీ ఒకే మాట చెప్పకండి ప్లీజ్. మా వాడు ఏడో నెలలో పుట్టాడు. ఆకలని అడిగేవాడే కాదు. నేనూ అడిగినప్పుడే పెట్టాలని కూర్చున్నా, నెలనెలా బరువు గుర్తుపెట్టే ఎదుగుదల కార్డులో గీత కిందికి దిగింది. డాక్టరు గారు బలవంతం చేయమనలేదు, కొంచెం కొంచెంగా పూటలు పెంచమన్నారు. బరువు తెలియకుండా ఇన్ని సలహాలేంటి?

చందు_నాన్న:
బరువు సంగతి నిజమే, అది ముందే అడగాల్సింది. బలవంతం మీద మాత్రం నా మాట మారదు. ఏమార్చడం అంటూ మొదలయ్యేది చివరికి ఫోన్ దగ్గరే తేలుతుంది.

ముగ్గురి_అమ్మమ్మ:
మా కాలంలో ఫోన్ ఎక్కడిది, చందమామే కదా!

హనుమకొండ_అమ్మ:
రెండు నెలలుగా తూచలేదు. సరే, ఇవన్నీ అత్తయ్యకు ఎలా చెప్పను?

ముగ్గురి_అమ్మమ్మ:
చెప్పకు తల్లీ, ఆమెనే వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి వెళ్లు. తూచి గీత గీసేది ఆమె కళ్లతోనే చూడనీ. గీత బాగుంటే ఫోన్ తీసేయమను. బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి కూడా ఇద్దరూ కలిసే వెళ్లండి.