అర్షద్ నదీమ్ 92.97కి చప్పట్లు కొడితే తప్పా?

కూకట్‌పల్లి కుర్రాడు

2025 సెప్టెంబర్ 18, గురువారం. టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్‌లో జావెలిన్ ఫైనల్‌ను ఆఫీసులో నలుగురం ఒకే ఫోన్ ముందు కూర్చుని చూశాం. నీరజ్ చోప్రా 84.03 మీటర్లతో ఎనిమిదో స్థానం, పాకిస్తాన్ అర్షద్ నదీమ్ 82.75తో పదో స్థానం. ఆరు త్రోలూ పూర్తి కాకుండానే ఇద్దరూ బయటికొచ్చేశారు. అర్షద్ వెనక్కి నడుస్తుంటే మా టీమ్‌లో ఒకతను "హమ్మయ్య, వీడూ పోయాడు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. "పారిస్ ఒలింపిక్స్‌లో అతను 92.97 వేసినప్పుడు నేను లేచి చప్పట్లు కొట్టాను" అనేశాను.

ముగ్గురూ నావైపు అదోలా చూశారు. "నీరజ్ గోల్డ్ పోతుంటే చప్పట్లా?" అని ఒకతను సూటిగా అడిగాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

ఆ రాత్రి సంగతి చెప్తాను. 2024 ఆగస్టు 8, దాదాపు అర్ధరాత్రి. హాస్టల్ రూమ్‌లో మిగతావాళ్లు పడుకున్నారని సౌండ్ తగ్గించుకుని చూస్తున్నా. అర్షద్ మొదటి త్రో ఫౌల్. రెండోది చేతిలోంచి వదిలాక కెమెరా బల్లెం వెంటే వెళ్లింది. ఇక దిగుతుంది అనుకున్న చోట దిగలేదు, ఇంకా పోతూనే ఉంది. స్క్రీన్ మీద 92.97 అని పడింది. 2008 నుంచి నిలిచిన ఒలింపిక్ రికార్డు 90.57. దాన్ని ఒకే విసురుతో రెండు మీటర్లకు పైగా దాటేశాడు. నా చేతులు వాటంతటవే లేచాయి. నీరజ్ గెలవాలని నేను కోరుకోలేదా? కోరుకున్నాను, గుండె దడదడలాడుతూనే ఉంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండకూడదా?

కావలి

అన్నా, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. కోపంతో రాయడం లేదు, బాధతో రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. వాళ్లలో మా కావలి ఆయన ఉన్నారు, విశాఖ ఆయన ఉన్నారు. సెలవులకు వెళ్లినవాళ్లు. కావలి ఆయన భౌతికకాయాన్ని ఊరికి తెచ్చిన రోజు రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. అర్షద్ చేతిలో తుపాకి లేదని నాకు తెలుసు. కానీ అతని ఛాతీ మీద ఆ జెండా ఉంది, గెలిస్తే ఆ దేశం పాట వినిపిస్తుంది. ఆట వేరు, దేశం వేరు అని చెప్పేవాళ్లను ఒకటే అడుగుతాను. వేరైతే మనం నీరజ్ కోసం అర్ధరాత్రి దాకా ఎందుకు మేలుకున్నాం? జెండా ఉందనే కదా! మనవాళ్ల దగ్గర జెండా లెక్కలోకి వచ్చి, అవతలివాళ్ల దగ్గర రాకుండా పోతుందా?

మొన్న సెప్టెంబర్ 14న దుబాయ్‌లో ఆసియా కప్ మ్యాచ్ అయ్యాక మన క్రికెటర్లు పాకిస్తాన్ వాళ్లతో చేయి కలపలేదు. నాకది సబబే అనిపించింది. మే నెలలో దోహాలో నీరజ్ కూడా అన్నాడు, అర్షద్‌తో ఇక మునుపటిలా ఉండదని. ఆడేవాడికే అలా అనిపిస్తే చూసేవాళ్లం మనమెంత?

డ్రిల్ మాస్టారు

ముప్ఫై ఏళ్లు జడ్పీ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. కావలి తమ్ముడి బాధకు నా దగ్గర జవాబు లేదు, ఇవ్వడానికి ప్రయత్నించను కూడా. కానీ ఆ త్రో ఏమిటో తెలియకుండా చప్పట్లు కొట్టాలా వద్దా అని మాట్లాడుకుంటే లాభం లేదు. అందుకే రాస్తున్నా.

పిల్లల చేతికి మొదటిసారి బల్లెం ఇస్తే ఏమవుతుందో తెలుసా? తోక ముందు నేలకు తగులుతుంది, లేదా గాల్లో అడ్డం తిరిగి పలకలా పడుతుంది. మొన పడ్డ మొదటి రోజు ఆ పిల్లవాడి ముఖం చూడాలి! మా బళ్లో వెదురు కర్రతోనే నేర్పేవాణ్ని. బాగా విసిరే కుర్రాడు 40 మీటర్లు దాటితే ఊరంతా చెప్పుకునేవాళ్లం. మగవాళ్ల బల్లెం బరువు 800 గ్రాములు. బరువు మోయడం కష్టం కాదు, పరిగెత్తి వచ్చిన వేగాన్నంతా ఒక్క ముందుకాలు దగ్గర ఆపి భుజంలోకి పంపడం కష్టం. కుడిచేతితో విసిరేవాడి ఎడమకాలు గుంజలా నిలబడాలి. మోకాలు వంగిందా, పది మీటర్లు పోయినట్టే. నీరజ్ విసిరాక ముందుకు పడిపోయి చేతులు ఆనించడం మీరు చూసే ఉంటారు. అంత వేగాన్ని అతని శరీరం ఒక్క క్షణంలో ఆపుకోవాలి మరి.

ఇంకో సంగతి. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఉవే హోన్ 104.80 విసిరాడు. ఇలాగైతే స్టేడియం సరిపోదని 1986లో బల్లెం బరువు కేంద్రాన్ని ముందుకు జరిపారు, త్వరగా ముక్కు కిందికి దించేలా. అంటే ఇప్పటి బల్లెం దూరం పోకుండా చేసిన బల్లెం. దానితో 92.97!

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. పారిస్‌లో నీరజ్‌వి అయిదు త్రోలు ఫౌల్. సరిగ్గా పడింది ఒక్కటే, 89.45. అదీ ఎప్పుడు? అర్షద్ 92.97 వేసిన అదే రౌండ్‌లో, ఆ అంకె కళ్లముందు పెట్టుకుని. టోక్యో ఒలింపిక్స్‌లో అతను గోల్డ్ గెలిచింది 87.58తో. అంటే దాదాపు రెండు మీటర్లు మెరుగుపడి సిల్వర్ తెచ్చుకున్నాడు. పతకం రంగు మాత్రమే చూసేవాళ్లు "గోల్డ్ నుంచి సిల్వర్‌కి పడిపోయాడు" అన్నారు. మా వీధిలోనే అన్నారు, విని నా కడుపు రగిలిపోయింది. 92.97 ఎంత పెద్దదో ఒప్పుకోనివాడికి దాని పక్కన నిలబడ్డ 89.45 ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది?

ఆర్కే బీచ్

మాస్టారూ, మీరు రాసింది చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ నా గోడు వేరే.

ఇండియా, పాకిస్తాన్ అంటే అందరికీ అభిప్రాయాలుంటాయి. మా విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పరుగు మీలో ఎంతమంది పూర్తిగా చూశారు? 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. తుపాకి పేలకముందే చైనా అమ్మాయి కదిలింది, పక్కనున్న జ్యోతినీ ఔట్ అన్నారు. జ్యోతి వెళ్లిపోలేదు. అంత పెద్ద స్టేడియంలో, వాళ్ల ఊళ్లో, అధికారుల ముందు నిలబడి నేను తప్పు చేయలేదని వాదించింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి 12.91లో మూడో స్థానంలో వచ్చింది, తర్వాత చైనా అమ్మాయిని తప్పించి సిల్వర్ ఇచ్చారు. అంత టెన్షన్ తర్వాత పది హర్డిల్స్ మీద ఒక్క అడుగు తడబడలేదు. ఇప్పుడు మోకాలి గాయం వల్ల ఈ టోక్యో పోటీలకు వెళ్లలేకపోయింది.

ఆ రోజు గెలిచింది ఇంకో చైనా అమ్మాయి, లిన్ యువెయ్. ఆమె పరుగు అందంగా ఉంది, నేను చూశాను, మెచ్చుకున్నాను. అంతమాత్రాన జ్యోతి మీద నా ప్రేమ తగ్గలేదు. పోటీ అంటే ఇష్టం ఉన్నవాళ్లు ఎనిమిది లేన్లూ చూస్తారు. ఒక్క శత్రువును మాత్రమే చూసేవాళ్లకు ఆ ఆనందం దొరకదు. కావలి తమ్ముడిని అనడం లేదు, తమ్ముడిది వేరే బాధ.

కూకట్‌పల్లి కుర్రాడు

కావలి తమ్ముడూ, నువ్వు రాసింది చదివాక వెంటనే జవాబివ్వలేకపోయాను. నేను చప్పట్లు కొట్టింది 2024లో. ఇప్పుడైతే కొడతావా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నా. మొన్న అర్షద్ 90 దాటి ఉంటే? నిజం చెప్తున్నా, చేతులు లేచేవో లేదో తెలియదు. కానీ కళ్లు మాత్రం ఆ బల్లెం వెంటే పోయేవి, అది పడేదాకా. దాన్ని ఆపడం నా వల్ల కాదు, ఆపాలనీ లేదు.

జెండా గురించి నువ్వడిగింది న్యాయమైన ప్రశ్న. జెండా వల్లే టీవీ ముందు కూర్చున్నాను, ఒప్పుకుంటా. 2021కి ముందు జావెలిన్ ఎన్ని గ్రాములో కూడా తెలియదు నాకు. నీరజ్ వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. లోపలికి వెళ్లాక అక్కడ ఇంకా చాలామంది కనిపించారు. మొన్న గెలిచిన ట్రినిడాడ్ ఆటగాడు కెషోర్న్ వాల్కాట్‌నే చూడు. 2012 లండన్‌లో 19 ఏళ్లకు ఒలింపిక్ గోల్డ్. మళ్లీ ప్రపంచ స్థాయిలో గోల్డ్ కోసం 13 ఏళ్లు ఆగాడు, 32 ఏళ్ల వయసులో 88.16 వేసి గెలిచాడు. నీరజ్, అర్షద్ పేర్ల గొడవలో మా ఆఫీసులో అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. మన సచిన్ యాదవ్ 86.27తో నాలుగో స్థానం. కంచు పతకానికి 40 సెంటీమీటర్లు తక్కువ. అది కూడా ఎవరూ మాట్లాడలేదు!

పారిస్ తర్వాత నీరజ్ వాళ్లమ్మ సరోజ్ దేవి, గోల్డ్ గెలిచినవాడూ తమ బిడ్డేనన్నట్టు మాట్లాడారు. కన్నకొడుకు రెండో స్థానంలో ఉన్న రాత్రి ఆమెకు ఆ మాట నోట వచ్చింది. ఆ పెద్ద మనసు నాకుందని చెప్పను. కానీ నా చప్పట్లు కూడా అలాంటివే అనుకుంటున్నా.

కావలి

అన్నా, ఆ అమ్మ మాట్లాడింది పహల్గాంకి ముందు. అది గుర్తుపెట్టుకో. నేను చప్పట్లు కొట్టలేను, కొట్టను. ఈ విషయంలో నన్ను మార్చాలని చూడొద్దు.

కానీ "వీడూ పోయాడు" అని నేను కూడా అన్నానన్నా, మొన్న అదే ఫైనల్ చూస్తూ. అన్నాక నాకేం సంతోషం కలగలేదు. సచిన్ యాదవ్ నాలుగో స్థానమని నీ పోస్ట్ చూసేదాకా తెలియదు, అప్పటికే టీవీ కట్టేశాను. నిన్న రాత్రి రీప్లే వెతికి ఆ త్రో చూశాను.

మాస్టారూ, ఎడమకాలు గుంజలా అన్నారు కదా, సచిన్ కాలు చూశాను, కొంచెం వంగినట్టే అనిపించింది. మీరు చూసి చెప్పండి. ఆర్కే బీచ్ అక్కా, 2026 సెప్టెంబర్‌లో జపాన్‌లో ఆసియా క్రీడలున్నాయి. అప్పటికి జ్యోతి కోలుకుంటే హర్డిల్స్ ఏ రోజో ముందే ఇక్కడ రాయండి. ఈసారి మొదటి నుంచీ చూస్తాను.