తాతయ్య డిశ్చార్జి బుక్‌లో "ఈఎంఈ, ఎల్‌ఏడీ" అని ఉంది. అంటే 1971 యుద్ధంలో ఉన్నట్టా, లేనట్టా?

పాతట్రంకు:

తాతయ్య పోయి పదకొండేళ్లయింది. మొన్న అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున గుడ్డసంచిలో ఆయన ఆర్మీ సామాను దొరికింది. డిశ్చార్జి బుక్, రెండు పతకాలు (ఒకటి నక్షత్రం ఆకారం, ఒకటి గుండ్రం), ఇరవై దాకా ఇన్‌లాండ్ లెటర్లు, ఓ ఇనప కడ్డీ. కడ్డీ మూరెడుకు పైగానే ఉంది, బొటనవేలంత లావు. అదెందుకు దాచారో అమ్మమ్మకీ తెలీదు.

"నేను ట్యాంకుల్లో పనిచేశాను" అని తాతయ్య చిన్నప్పుడు చెప్పేవారు. బుక్‌లో మాత్రం ర్యాంకు క్రాఫ్ట్స్‌మన్, తర్వాత నాయక్. ట్రేడ్ వెహికల్ మెకానిక్, కోర్ ఈఎంఈ. యూనిట్ అన్నచోట ఒక ఆర్మర్డ్ రెజిమెంట్ పేరు, పక్కన ఎల్‌ఏడీ. ఆ రెజిమెంట్ చరిత్ర పుస్తకం తెప్పించి 71 చాప్టర్ రెండుసార్లు చదివాను. ఆయన పేరు సరే, ఎల్‌ఏడీ అన్న మాటే ఎక్కడా లేదు. మా మామయ్యయితే "స్పానర్ పట్టుకున్నవాడికి యుద్ధమేంట్రా" అని నవ్వేశాడు. నాకు కొంచెం బాధనిపించింది.

ఉత్తరాల మీద ఊరి పేరు లేదు, "56 ఏపీఓ" అని మాత్రం ఉంది. అదెక్కడుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం:

56 ఏపీఓ పఠాన్‌కోట్ వైపు అనుకుంటా బ్రో. మా బాబాయి అడ్రసు కూడా అదే, ఆయన అక్కడే ఉండేవాడు.

రికవరీ హవల్దార్:

ఈఎంఈలో, అంటే ఆర్మీ వాహనాలు, ఆయుధాలు బాగుచేసే కోర్‌లో, ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను బాబూ. ట్రేడ్ రికవరీ మెకానిక్. మీ తాతగారి పక్క బెంచీ అనుకో.

ముందు ఎల్‌ఏడీ సంగతి. లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్ అంటారు. ట్యాంకు రెజిమెంట్‌కీ ఫిరంగుల రెజిమెంట్‌కీ అంటిపెట్టుకుని ఉండే చిన్న వర్క్‌షాపు. రెజిమెంట్ లంగర్లోనే తింటావు, రెజిమెంట్ కదిలితే నువ్వూ కదులుతావు, వాళ్లు తవ్విన ట్రెంచ్ పక్కనే నీ ట్రెంచ్ తవ్వుకుంటావు. కానీ నీ నంబరు, ప్రమోషను, పెన్షను కాగితాలు అన్నీ ఈఎంఈవి. దీనివల్ల ఏమవుతుందో చూడు. రెజిమెంట్ చరిత్ర రాసేవాడు "వీళ్లు ఈఎంఈ వాళ్లు కదా" అని వదిలేస్తాడు. ఈఎంఈ చరిత్ర రాసేవాడేమో వర్క్‌షాపులు, కాలేజీ, డైరెక్టర్ల గురించి రాస్తాడు. ఎక్కడో ఒక రెజిమెంట్ వెనకాలున్న కొద్దిమంది అతనికి గుర్తుండరు. మీ తాతగారు ఆ రెండు పుస్తకాల మధ్య సందులో ఉన్నారు. దొరకలేదంటే లేరని కాదు.

మా కోర్ కూడా మరీ పాతదేం కాదు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు రిపేర్లు ఎక్కువగా ఆర్డ్‌నెన్స్ కోర్ (ఆయుధాలు, సామాను ఇచ్చే విభాగం) వర్క్‌షాపులే చూసేవి. లారీలు, ట్యాంకులు, రేడియోలు ఒక్కసారిగా పెరిగేసరికి సామాను ఇచ్చేవాళ్లూ బాగుచేసేవాళ్లూ వేరుగా ఉండాలని తేలింది. బ్రిటన్లో 1942లో ఇలాంటి కోరే రీమీ అని పెట్టారు, మరుసటి ఏడు ఇక్కడ ఐఈఎంఈ (ఇండియన్ ఈఎంఈ). ఇప్పటికీ ఏటా అక్టోబర్ 15న కోర్ డే చేస్తారు. పేరు మొదట్లో ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్, 2001 నుంచి ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్. ఈఎంఈ అన్న మూడక్షరాలు మారలేదు కాబట్టి బోర్డులు మార్చే ఖర్చు తప్పింది.

ఇక మీ మామయ్య మాట. మాకూ మొదటి నెలలన్నీ పరేడు, రైఫిలే. ఆ తర్వాతే చేతికి స్పానర్ ఇస్తారు. చిన్న రిపేరు ట్యాంకు ఆగినచోటే ఎల్‌ఏడీ చేయాలి. అక్కడ కాకపోతే ఫీల్డ్ వర్క్‌షాపు. పూర్తి ఓవర్‌హాల్ అయితే దిల్లీ 505, కిర్కీ 512 లాంటి బేస్ వర్క్‌షాపులు. "ఆగినచోటే" అన్న మాట మామయ్యకి చెప్పు. ట్యాంకు ఆగేది గుండు తగిలినచోట, మైను పేలినచోట, బురదలో దిగినచోట. నీడ చూసుకుని ఆగదు.

నేను యుద్ధం చూడలేదు, ఉన్నమాట చెప్పాలి. చూసిందల్లా ఎక్సర్‌సైజులే, అంటే యుద్ధం ప్రాక్టీసులు. 1984లో రాజస్థాన్లో ఒక రాత్రి విజయంత ట్యాంకొకటి ఇసుక దిబ్బ దిగుతూ ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనప లింకుల పట్టా) ఊడగొట్టుకుంది. (విజయంత ఇంజను లేలాండ్ ఎల్60 గురించి అడగొద్దు, తిట్లు వస్తాయి.) లైటు వేయకూడదు. టార్చికి నీలం కాగితం చుట్టి, నలుగురం బోర్లా పడుకుని చక్రాల కింద ఇసుక చేతుల్తో తోడాం. ట్రాక్ మళ్లీ ఎక్కించాలంటే ఒకచోట విడదీయాలి. లింకుకీ లింకుకీ మధ్య అడ్డంగా పొడుగాటి పిన్ ఉంటుంది. ఒకడు దాని తల మీద డ్రిఫ్ట్ (దెబ్బ కొట్టే మొద్దు కడ్డీ) ఆనించి పట్టుకుంటాడు, ఇంకొకడు సమ్మెటతో వేస్తాడు. పట్టుకునే పని కొత్తవాడిది. ఆ రాత్రి కొత్తవాణ్ణి నేనే. మా నాయక్ ఒక్కటే చెప్పాడు, "పిన్ను చూడు, సమ్మెటను చూడకు." నేను సమ్మెటనే చూశాను. ఎడమచేతి బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే.

తెల్లారేసరికి ట్యాంకు తన ట్రూపులో కలిసింది. రిపోర్టులో ఏం రాశారో తెలుసా? "ఒక ట్యాంకు ఆలస్యంగా చేరింది." అంతే.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గుండ్రటి పతకం అంచు మీద సన్నగా అక్షరాలుంటాయి, భూతద్దం పెట్టి చూడు. నక్షత్రం మీద ఏం రాసుందో చదువు. సంగ్రామ్ మెడల్ ఆ కాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి చాలామందికి వచ్చింది. పశ్చిమీ స్టార్ అలా కాదు, పశ్చిమ యుద్ధరంగంలో ఉన్నవాళ్లకే. తూర్పున ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్. ఆ తర్వాత ఆర్మీ నంబరు, డిశ్చార్జి తేదీ, మీ సంబంధం రుజువు పెట్టి సికింద్రాబాద్ ఈఎంఈ రికార్డ్స్‌కి అమ్మమ్మ సంతకంతో ఉత్తరం రాయి. మనవడి సంతకం కన్నా భార్య సంతకానికి జవాబు తొందరగా వస్తుంది. ఇది నా అనుభవం, రూలు కాదు.

ఆ కడ్డీ ఫోటో పెట్టు. నాకో అనుమానం ఉంది.

తపాలా మిత్ర:

కృష్ణాతీరం గారూ, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అంటే ఊరు కాదండీ. నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్ నుంచి డిప్యుటేషన్ మీద ఆర్మీ పోస్టల్ సర్వీసులో నాలుగేళ్లు చేశాను. యూనిట్ ఎక్కడుందో కవరు మీద తెలియకూడదని ఈ ఏర్పాటు. పశ్చిమం వైపు ఉన్న యూనిట్లకు 56 ఏపీఓ, ఉత్తరాలు దిల్లీలోని సెంట్రల్ బేస్ పోస్టాఫీసులో చేరతాయి. తూర్పు వైపుకి 99 ఏపీఓ, అది కోల్‌కతా. మీ బాబాయిగారి పక్క బ్యారక్ వాడికీ, వందల మైళ్ల దూరంలో లద్దాఖ్‌లో ఉన్నవాడికీ అదే అడ్రసు.

పాతట్రంకు గారూ, మీకు పనికొచ్చేది అడ్రసు కాదు, ముద్ర. తాతగారు పంపిన ఉత్తరాల మీద గుండ్రటి ముద్రలో "ఎఫ్‌పీఓ" అని, ఒక నంబరూ తేదీ ఉంటాయి. అది ఫీల్డ్ పోస్టాఫీసు. ఉత్తరాలన్నీ తేదీల వరసలో పెట్టి, ఆ నంబరు ఎప్పుడు మారిందో రాసుకోండి. నంబరు మారిందంటే చాలాసార్లు యూనిట్ కదిలిందని అర్థం. లోపల మాత్రం ఆశ పెట్టుకోకండి, అందరూ "ఇక్కడ అంతా క్షేమం" అనే రాసేవాళ్లు.

తంబి కూతురు:

హవల్దార్ బాబాయ్ చెప్పిన సందు మా ఇంట్లోనూ ఉంది. మా నాన్న మద్రాస్ సాపర్, అంటే దారులు వేసే, మైన్లు తీసే ఇంజనీరు సైనికుడు. 1780లో రెండు పయనీర్ కంపెనీలతో మొదలైన గ్రూపు, కేంద్రం బెంగళూరు. కశ్మీర్‌లోని జోజిలా కనుమ అనగానే 1948 నవంబర్ 1న 7 లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకులు కనుమ ఎక్కడం అందరూ చెప్తారు. నిజమే, గొప్ప సంగతే. కానీ బాల్తాల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని ట్యాంకు పట్టేలా వెడల్పు చేసింది మద్రాస్ సాపర్లు. ఎవరికంటా పడకుండా ఆ ట్యాంకుల్ని టరెట్లు (ఫిరంగి ఉండే పైభాగాలు) విప్పి శ్రీనగర్ దాకా తెచ్చారు కదా, మళ్లీ బిగించిన చేతులెవరివని ఎవరైనా అడిగారా? 71లో బసంతర్ యుద్ధం కూడా అంతే, ట్యాంకుల కన్నా ముందు మైన్‌ఫీల్డులో దారి తీసింది 9 ఇంజనీర్ రెజిమెంట్ వాళ్లు.

పాతట్రంకు:

అందరికీ థాంక్స్. గుండ్రటిదాని అంచు మీద తాతయ్య నంబరు, పేరు, చివర ఈఎంఈ. నక్షత్రం పశ్చిమీ స్టారే. మామయ్యకి ఫోటో పంపాను, చూశాడు, జవాబు లేదు. ముద్రల పని ఇంకా సగంలో ఉంది. 71 నవంబర్‌కీ డిసెంబర్‌కీ మధ్య నంబరు మారింది.

కడ్డీ ఫోటో ఇదిగో. ఒక చివర మామూలుగా ఉంది, రెండో చివర పుట్టగొడుగులా విచ్చుకుంది. మధ్యలో కొంచెం అరిగింది.

రికవరీ హవల్దార్:

అనుకున్నాను. అది ట్రాక్ పిన్. విచ్చుకున్న చివర సమ్మెట దెబ్బలది. అలా అయ్యాక మళ్లీ లింకులో దూరదు, పారేస్తాం. మాలో కొందరు పారేయకుండా కిట్‌బ్యాగ్ అడుగున పెట్టుకునేవాళ్లం.

అమ్మమ్మని ఒకటి అడుగు బాబూ, తాతగారి బొటనవేలి గోరు ఎలా ఉండేదని.