మామ్మ గురించి ఏం రాయాలి?

మాది పర్లాకిమిడి. మా మామ్మ మొన్న పోయింది. ఊరు ఒడిశాలో కలిసిన మరుసటి ఏడాది, 1937లో పుట్టి, తెలుగు బడిలో ఒకటో తరగతికి ముప్పై ఏళ్లు చెప్పి, ఆరుగురు పిల్లల్ని పెంచిన మనిషి. పెద్దకర్మకి చిన్న పుస్తకం వేద్దామంటే నా చదువంతా ఒడియాలో, తెలుగు ఆవిడ నేర్పిందే. టెన్షన్‌గా ఉంది.

> ఉద్యోగం, రిటైర్మెంట్ వరసపెట్టి రాయకు బాబూ, బయోడేటాలా ఉంటుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది, మాట్లాడినట్టే రాసెయ్.

> చింతగింజల టీచరమ్మేనా? ‘ఱ’ రాకపోతే నేలమీద గింజలతో పేర్పించి, మళ్లీ లెక్కపెట్టి డబ్బాలో వేయించుకునేవారు, ఒక్కటి తగ్గినా బెల్లు కొట్టినా వదిలేవారు కాదు!

> ఆవిడేనండీ. ఆ డబ్బా ఇంకా మా అటక మీదే ఉంది.