17 నెలల ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగానికి గ్రాట్యుటీ వస్తుందా?

2024 ఆగస్టు 1న చేరాను, 2025 డిసెంబరు 31తో గడువు ముగిసింది. మధ్యలో బ్రేక్ లేదు. కాంట్రాక్టర్ ద్వారా కాదు, నియామక పత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉంది. మొదలు, ముగింపు తేదీలు రెండూ అందులోనే ఉన్నాయి.

సామాజిక భద్రతా కోడ్ (కొత్త కార్మిక చట్టం) 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది కదా, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అని హెచ్‌ఆర్‌కి రెండు మెయిళ్లు పెట్టాను. "ఐదేళ్లు నిండాలి" అని ఒక్క ముక్కలో జవాబు. అది 1972 నాటి పాత గ్రాట్యుటీ చట్టం మాట! ఫోన్ చేస్తే మాత్రం పాట మార్చి, "కోడ్ వచ్చాక మీరు చేసింది నలభై రోజులే" అన్నారు. లేబర్ ఆఫీసుకు వెళ్తే రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు.

నవంబరు 21కి ముందు చేసిన సర్వీసు ఆ ఏడాది లెక్కలోకి వస్తుందా, రాదా?