మార్కులో కనిపించని దేవుడు యోహానులో ఎలా కనిపించాడు?

ప్రశ్న:
యోహాను సువార్త అయ్యాక మార్కు మొదలుపెట్టాను, అంతా అయోమయంగా ఉంది. మార్కు 10:18లో "నేను సత్పురుషుడనని యేల చెప్పుచున్నావు?" అని యేసే అడుగుతాడు, దేవుడొక్కడే మంచివాడంటాడు. 13:32లో ఆ దినం ఎప్పుడో కుమారుడికీ తెలియదంటాడు. యోహాను 20:28లో చూస్తే తోమా నేరుగా "నా ప్రభువా, నా దేవా" అనేశాడు. మార్కే ముందు రాశాడంటారు కదా, మరి యేసును దేవుణ్ణి చేసింది తర్వాతివాళ్లా? క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో ఓటేసి తేల్చారని మా ఫ్రెండ్ ఒకటే వాదన.

జవాబు:
నైసియాను పక్కన పెట్టండి. అక్కడ ఓడిపోయిన అరియస్ అనే పాదిరి కూడా యేసు మామూలు మనిషి అనలేదు. లోకం పుట్టకముందే దేవుడు సృష్టించినవాడు, తండ్రితో సమానుడు కాడు అన్నాడు, అంతే. సుమారు 112లోనే రోమన్ గవర్నర్ ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే చేరి క్రీస్తును దేవుడిలా కీర్తిస్తున్నారని చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు.

మార్కు నుంచి లెక్క మొదలుపెట్టడమే చిక్కండీ. ఆయన సువార్త 70 ప్రాంతానిదని ఎక్కువమంది పండితుల లెక్క. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు ఉత్తరాలు 50ల నాటివి. వాటిలో ఫిలిప్పీ 2:10-11 తెరిచి, పాత నిబంధనలోని యెషయా 45:22-23 పక్కన పెట్టుకుని చదవండి. యెషయాలో మాట్లాడేది యెహోవా. నేను తప్ప వేరే దేవుడు లేడు, ప్రతి మోకాలూ నా ఎదుటే వంగుతుంది అంటాడు. పౌలు ఆ మోకాళ్లన్నిటినీ యేసు పేరున వంచాడు! రాసింది పరిసయ్యుడిగా, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే వర్గంలో, పెరిగిన యూదుడని మర్చిపోకండి.

ఇంకొకరి జవాబు:
ఆ వాక్యం చివరిదాకా చదవాలి కదండీ. "తండ్రియైన దేవుని మహిమార్థమై" అని ముగుస్తుంది. 9వ వచనంలో ఆయన్ని హెచ్చించింది దేవుడే. దేవుణ్ణి ఇంకొకరు హెచ్చించడమేంటి? 1 కొరింథీ 15:28లో చివరికి కుమారుడు కూడా లోబడతాడనే ఉంది.

మొదట జవాబిచ్చినవారు:
ఉంది, కాదనను. పౌలు తండ్రినీ కుమారుణ్ణీ ఎక్కడా ఒక్కరిగా కలిపెయ్యడు. కానీ అదే ఉత్తరంలో 8:6 కూడా ఉంది: తండ్రి అనే ఒక్క దేవుడు, యేసుక్రీస్తు అనే ఒక్క ప్రభువు, సమస్తమూ కలిగింది ఈ ప్రభువు ద్వారానే. సృష్టి పనిలో చెయ్యి ఉన్నవాణ్ణి ఉట్టి ప్రవక్త అనలేం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒక్క దేవుడనే త్రిత్వ సిద్ధాంతం తయారుగా ఇక్కడ దొరకదు, అది తర్వాత కట్టిందే. ఆరాధన మాత్రం ముందునుంచే ఉంది.

మార్కును కూడా 2:5 నుంచి నెమ్మదిగా చూడండి. పక్షవాయువుగలవాణ్ణి పైకప్పు విప్పి దించితే, యేసు ముందు వాడి పాపాలు క్షమించాడు. దేవుడు తప్ప ఇంకెవరు క్షమించగలరని శాస్త్రులు (యూదుల ధర్మశాస్త్ర పండితులు) మనసులో గొణుక్కున్నారు. ప్రశ్న సరైనదే. యేసు ఆ మాట కాదనలేదు, నాకు అధికారం ఉందని పరుపెత్తుకుని నడవమన్నాడు.

ప్రశ్న అడిగినవారు:
ప్లినీ సంగతి ఫ్రెండ్‌కి చెప్పాను, ఓటింగ్ మాట మానేశాడు. ఇప్పుడు హెబ్రీ 1:8 పట్టుకున్నాడు, దాని మీద కూడా కాస్త చెప్పండి.