కథావస్తువు అంటే కథలో జరిగినదా, కథ దేన్ని గురించినదా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఒడియా నేర్చుకుంటుంది, ఇంట్లో నేను తెలుగు చెబుతాను. ఒడియాలో ‘కథాబస్తు’ రాయమంటే కథలో జరిగిన సంగతులు వరుసగా రాయాలట. తెలుగులో కథావస్తువు రాయమన్నప్పుడు కూడా అలాగే రాస్తే, తప్పని ఎర్రసిరాతో కొట్టివేశాను. తప్పు తనదా, నాదా అన్న అనుమానం అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. దయచేసి ఎవరైనా విడమరచి చెప్పండి.

జవాబు (బరంపురం నుంచి):
అమ్మా, మీ అమ్మాయి తప్పు రాయలేదు. ఒకే సంస్కృత పదం రెండు భాషల్లో రెండు అర్థాలతో స్థిరపడింది. ఒడియావారు కథాబస్తు అనేది సంఘటనల అల్లికను; దాన్ని మనం ఇతివృత్తం అంటాం. ఆ అల్లిక దేన్ని గురించినదో అది మనకు వస్తువు. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి 1898లో రాసిన ‘రేవతి’ కథతో చెప్పి చూడండి. రేవతి చదువు మీద ఆశపడుతుంది, కలరా వచ్చి తల్లిదండ్రులు పోతారు, ఆ కీడంతా పిల్ల చదువు వల్లనే వచ్చిందని నాయనమ్మ తిట్టిపోస్తుంది, ఇదంతా ఇతివృత్తం. ఆడపిల్ల చదువు, దాన్ని అరిష్టంగా చూసే నమ్మకం వస్తువు. ఈ రెంటి పెనుగులాటే సంఘర్షణ. నాయనమ్మను దుష్టురాలని తేల్చేయకుండా, కొడుకునూ కోడలినీ పోగొట్టుకున్న ముసలిదానిగా చదివించండి. పాత్రచిత్రణ అంటే ఏమిటో పిల్లకు వేరే చెప్పనక్కరలేదు.

జవాబు (రాయగడ నుంచి):
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే పత్రికల్లో ఇతివృత్తం అన్న మాటను వస్తువు అనే అర్థంలోనూ వాడుతుంటారు కనుక, ప్రశ్న దేన్ని అడుగుతోందో చూసుకోమనండి. దృష్టికోణం, అంటే కథను ఎవరి వైపు నుంచి చూపుతున్నారన్నది, కూడా ఇప్పుడే నేర్పితే మంచిది. గురజాడ ‘దిద్దుబాటు’ (1910) ప్రథమపురుషలో, అంటే ఇంగ్లీషువారి థర్డ్ పర్సన్‌లో నడుస్తుంది. అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావును కథకుడు విడిచిపెట్టడు. అందుకే అతని భార్య కమలిని ఎక్కడుందో, మంచం కింద నుంచి నవ్వు వినబడే దాకా మనకూ తెలియదు. ఇదే కథ కమలిని చెప్పి ఉంటే ఎలా మొదలయ్యేదో అమ్మాయిని నాలుగు వాక్యాలు రాయమనండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కొట్టివేసిన జవాబు పైన ‘ఇతివృత్తం, సరైనది’ అని రాసి సంతకం చేశాను. దాని కింద ‘వస్తువు’ అని రాసి, రెండు గీతల చోటు తన కోసం వదిలాను.