అప్‌డేట్: అమ్మానాన్నలతో తలకోన వెళ్లొచ్చాం

అరవై దాటిన అమ్మానాన్నలను తిరుపతి దగ్గరున్న తలకోన అడవికి, జలపాతానికి తీసుకెళ్లొచ్చా, జంతువులు కనిపిస్తాయా అని ఇంతకుముందు అడిగాను కదా, వెళ్లొచ్చాం, జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

తెల్లవారగానే నడవమన్న సలహా బంగారం. జనం రాకముందే సిద్ధేశ్వరస్వామి గుడి దాటి చెట్ల కిందకి వెళ్లేసరికి పైన కొమ్మల్లో బెట్టుడుత (చెట్ల మీదే ఉండే పెద్ద అడవి ఉడుత), ఎర్రగోధుమ రంగు వీపు, ఇంత పొడవు తోక, ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టుకి దూకుతూనే ఉంది, నాన్న బైనాక్యులర్స్ మాకు ఇవ్వనే లేదు. చిరుతలూ ఎలుగుబంట్లూ ఈ అడవిలో ఉన్నాయి కానీ మాకు కనిపించలేదు, వాటి కోసమే వచ్చేవాళ్లు ఆ ఆశ పెట్టుకోవద్దు.

నాకైతే చెట్లే ఎక్కువ నచ్చాయి. గిల్లతీగ చూడండి తప్పకుండా, మీటరు దాకా పెరిగే కాయలు దానివి. ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, సహజంగా మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే పెరిగే చెట్టు ఇది, దాన్ని దొంగతనంగా నరుకుతున్నారంటే కడుపు మండిపోతుంది.

జలపాతం 270 అడుగులు. మెట్లు, రాళ్లు ఉన్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా వెళ్లాలి, అమ్మ మధ్యలో రెండు మూడు చోట్ల కూర్చుంది. తడిరాళ్లు బాగా జారతాయి, గ్రిప్ ఉన్న చెప్పులు వేసుకోండి. కోతులకి దయచేసి ఏమీ పెట్టకండి.